కాలిన కొంగ

పొయ్యిలో నిప్పు ఇంకా పూర్తిగా ఆరలేదు.

ఇన్స్పెక్టర్ గడప దాటేసరికి గదంతా కాలిన చెక్క వాసన. నేల మీద నీళ్ళు. నీళ్ళలో బూడిద. పొడవాటి బల్ల మీద తడిగుడ్డ పరిచి ఉంది. దాని మీద సగానికి పైగా కాలి నల్లబడ్డ చెక్కపలక.

అప్పటికి ఉదయం ఏడున్నర దాటింది.

"ఇదేనా?" అంది ఇన్స్పెక్టర్.

"ఇదే మేడమ్," అన్నాడు ఫోన్ చేసిన మనిషి. నలభై అయిదేళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా. మోచేతుల దాకా మసి. "మా నాన్నగారు చెక్కిన కొంగ. నేను కాసేపు ఆలస్యంగా వచ్చుంటే ఈ ముక్క కూడా మిగిలేది కాదు. పట్టకారుతో బయటికి లాగి నీళ్ళు పోశాను."

"ఎవరు కాల్చారు?"

అతను మేడ మెట్ల వైపు చూశాడు.

"మా చెల్లెలు పిచ్చుక," అన్నాడు.

మెట్ల మీద ఒకామె కూర్చుని ఉంది. నలభై ఏళ్ళు ఉండొచ్చు. సన్నటి మనిషి. పాత చొక్కా, మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటు. కాళ్ళకి తడి బురద. ఏడవడం లేదు. వణకడం లేదు. తన ఇంట్లోకి చెప్పకుండా వచ్చినవాళ్ళని చూసినట్టు పోలీసుల్ని చూస్తోంది.

ఇన్స్పెక్టర్ వర్క్‌షాప్ చుట్టూ చూసింది. గోడ పొడవునా అరలు. అరల నిండా చెక్క అచ్చులు. ఒక దాని మీద కప్ప, ఒక దాని మీద తూనీగ, ఇంకో దాని మీద రెల్లు కంకులు. అన్నీ ఉలితో చెక్కినవే. చెక్కాక రంగు పూసి, పైన కాగితం వేసి రుద్దితే బొమ్మ కాగితం మీదికి దిగుతుంది. ఈ ఊరి మాస్టారు, వీళ్ళ తండ్రి, బతికినంత కాలం చేసిన పని అదే. ఊరి చివర మడుగులో కనిపించిన ప్రతి పిట్టనీ, పురుగునీ చెక్క మీదికి తెచ్చాడు. ఎనిమిది నెలల క్రితం పోయాడు.

పొయ్యి పైన గోడకి ఒక ప్రింటు వేలాడుతోంది. అందరికీ తెలిసిన బొమ్మ. వానలో, తుంగ మధ్య, ఒంటి కాలి మీద నిలబడ్డ కొంగ. కుడివైపుకి చూస్తోంది. ముక్కు చివర ఒక్క చుక్క నీరు.

"దీని అచ్చేనా కాలింది?"

"అవును మేడమ్. రేపు మ్యూజియంలో మా నాన్నగారి పేరున హాలు తెరుస్తున్నారు. అక్కడ ఈ అచ్చుని అప్పగించాలి. అది ఇష్టం లేకే ఇది ఇంత పని చేసింది."

"ఎందుకు ఇష్టం లేదు?"

"దాన్నే అడగండి."

ఇన్స్పెక్టర్ మెట్ల దగ్గరికి నడిచింది. హెడ్ కానిస్టేబుల్ వెనకే వచ్చాడు. రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ మనిషి. మెట్లు కనిపిస్తే చాలు, మోకాళ్ళు పట్టుకుంటాడు.

"మిమ్మల్ని పిచ్చుక అంటారట."

"మా నాన్న పెట్టిన పేరు. ఇంట్లో అందరూ అలాగే పిలుస్తారు."

"మీ నాన్నగారి కొంగని మీరు కాల్చారా?"

"మా నాన్నకి కొంగ లేదు."

"అంటే?"

"ఆ కొంగ నాది. మూడు వానాకాలాలు మడుగులో బురదలో కూర్చుని, చూసి చూసి చెక్కాను. నా కొంగని నేనే కాల్చుకునేంత పిచ్చి నాకింకా పట్టలేదు."

అన్న చిన్నగా నవ్వాడు. "విన్నారా మేడమ్. నాన్న పోయినప్పటి నించీ ఇదే పాట. చివరి ఆరు బొమ్మలూ తనే చెక్కిందట. ఆయన కింద పనిచేసిన మాట నిజమే. కాగితాలు తడిపేది, రంగులు నూరేది. అంతమాత్రాన చెక్కినట్టా?"

"నువ్వు నోరు మూసుకో అన్నయ్యా. ఆవిడ నన్ను అడుగుతోంది."

"పొద్దున ఎక్కడున్నారు?" అంది ఇన్స్పెక్టర్.

"మడుగు దగ్గర. తెల్లారకముందే వెళ్ళాను. ఇంటికి వచ్చేసరికి వీడు ఇక్కడ పొయ్యి ముందు నిలబడి కేకలు పెడుతున్నాడు."

"మిమ్మల్ని అక్కడ ఎవరైనా చూశారా?"

"కొంగలు చూశాయి."

హెడ్ కానిస్టేబుల్ దగ్గినట్టు నటించి నవ్వు దాచుకున్నాడు.

"ఈ గది తాళంచెవులు ఎన్ని?"

"రెండు. ఒకటి నా దగ్గర. ఒకటి అమ్మ దగ్గర."

"మీ దగ్గర?" ఇన్స్పెక్టర్ అన్న వైపు తిరిగింది.

"నాకెందుకు మేడమ్? నాది ఫ్రేముల షాపు. బొమ్మలు అమ్మి పెట్టడమే నా పని. నేను వచ్చేసరికి తలుపు తీసే ఉంది."

"తాళం వేసే వెళ్ళాను," అంది పిచ్చుక.

ఆమె లేచి రెండు మెట్లు దిగింది. "ఏదీ, ఏం కాలిందో ఒకసారి చూపించండి."

అన్న గబుక్కున అడ్డం వచ్చాడు. "దగ్గరికి రానివ్వకండి మేడమ్. మిగిలింది కూడా విరగ్గొట్టేస్తుంది. అది ఎవిడెన్స్."

ఆ మాట నిజమే. ఇన్స్పెక్టర్ సైగ చేసింది. హెడ్ కానిస్టేబుల్ ఆ కాలిన పలకని కవర్లో పెట్టి మూతి మడిచాడు.

పిచ్చుక అన్న ముఖంలోకి సూటిగా చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు. ఇన్స్పెక్టర్ అది గమనించింది. కానీ చూపు తిప్పుకోవడం నేరం కాదు.

* * *

పది గంటలకల్లా పిచ్చుకకి బేడీలు వేసి, ఊరంతా చూస్తుండగా స్టేషన్‌కి తెచ్చారు. పదిన్నరకి పై ఆఫీసరు ఫోన్.

"రేపు మ్యూజియం ప్రారంభానికి పెద్దవాళ్ళు వస్తున్నారు. ఇవాళే పేపర్లు రెడీ చేసి రిమాండ్‌కి పంపించెయ్యి."

"ఇంకా ఎంక్వైరీ మొదలే పెట్టలేదు సర్."

"చెక్కముక్కకి ఎంక్వైరీ ఏంటమ్మా?"

"చెక్కముక్కకి కాదు సర్. మనిషికి."

"నీకు ఇదివరకే రెండు ట్రాన్స్‌ఫర్లు అయ్యాయి. గుర్తుందా?"

"గుర్తుంది సర్. సామాన్లు సర్దుకోవడం బాగా అలవాటైంది."

ఫోన్ పెట్టేసి ఆమె లాకప్ దగ్గరికి వెళ్ళింది. పిచ్చుక గోడకి ఆనుకుని కూర్చుని, నేల మీద వేలితో ఏదో గీస్తోంది.

"మ్యూజియంవాళ్ళు మిమ్మల్ని ఒక స్టేట్‌మెంట్ మీద సంతకం పెట్టమన్నారట."

"పెట్టమన్నారు. ఆరు బొమ్మలూ మాస్టారే స్వయంగా చెక్కారని, నేను సాయం చేశానని. పెట్టనన్నాను."

"తర్వాత?"

"ప్రారంభం రోజు అందరి ముందూ ఆ అచ్చు పక్కన కొత్త చెక్క పెడతాను, అదే కొంగని ఇంకోసారి చెక్కి చూపిస్తాను, అప్పుడు మీరే చెప్పండి ఎవరిదో అన్నాను. మా అన్నయ్య ఆ పూట అన్నం తినలేదు."

"మరి మీ నాన్నగారు బతికుండగా ఎందుకు చెప్పలేదు?"

పిచ్చుక వేలు ఆగింది.

"ఆయన నాకు ఉలి పట్టుకోవడం నేర్పాడు. ఆయన చేతులు ఆయన మాట వినడం మానేశాక, ఆ సంగతి బయటికి తెలియకూడదని అడిగాడు. సరేనన్నాను. ఆయన బతికున్నంత కాలం చెప్పనని మాటిచ్చాను. మాట నిలబెట్టుకున్నాను. ఆయన పోయాక కూడా చెప్పనని ఇవ్వలేదు."

"అన్నయ్యకి తెలుసా?"

"అమ్మకి కూడా తెలుసు."

"ఆ ఒక్క సంతకం పెట్టి ఉంటే ఇవాళ ఇంట్లో ఉండేవారు."

"సంతకం పెట్టి ఇంట్లో ఉండడం కంటే పెట్టకుండా ఇక్కడ ఉండడమే నయం. ఇక్కడ కనీసం నన్ను ఎవరూ సాయం చేసే అమ్మాయి అనట్లేదు."

* * *

తల్లి ఇల్లు వర్క్‌షాప్‌కి రెండు వీధుల అవతల. కొడుకు దగ్గరే ఉంటుంది. ఇన్స్పెక్టర్ వెళ్ళేసరికి మంచం మీద ఉతికిన బట్టలు మడత పెడుతోంది. పొట్టి మనిషి. చేతులు మాత్రం పెద్దవి, పనిచేసినవి.

"మీ దగ్గర వర్క్‌షాప్ తాళం ఉందట."

"ఉందమ్మా."

"నిన్న గాని మొన్న గాని ఎవరికైనా ఇచ్చారా?"

"గుర్తులేదమ్మా."

"మీ అబ్బాయికి?"

ఆమె చొక్కా మడత విప్పి, మళ్ళీ మొదటి నించీ మడిచింది. "గుర్తులేదమ్మా."

కిటికీ పక్క అలమరలో మాస్టారి ఫోటో. ఫోటో ముందు ఆయన కళ్ళజోడు. దాని పక్కన మూత ఉన్న ప్లాస్టిక్ గ్లాసు. మూతలోంచి లావుపాటి స్ట్రా పైకి వచ్చి ఉంది. చంటిపిల్లలు తాగే రకం.

"ఇంట్లో చిన్నపిల్లలున్నారా?"

"లేరమ్మా."

"మరి ఆ గ్లాసు ఎవరిది?"

"ఆయనదే."

"ఎన్నాళ్ళు వాడారు?"

"చాలా ఏళ్ళు." అనేశాక, అనకూడని మాట అన్నట్టు ఆమె ఆగింది.

"మూత లేకుండా గ్లాసు పట్టుకోలేని మనిషి ఉలి ఎలా పట్టుకున్నాడమ్మా?"

"ఆయన చాలా గొప్పవాడు."

"నేను చేతుల గురించి అడిగాను."

తల్లి బట్టల దొంతర ఎత్తి బీరువా దగ్గరికి నడిచింది. తలుపు మీద చెయ్యి వేసింది. తెరవలేదు. దొంతర అలాగే పట్టుకుని నిలబడింది. "నాకు ఇద్దరు పిల్లలమ్మా," అంది చివరికి. "నన్నేం అడగకు."

* * *

మధ్యాహ్నం. హెడ్ కానిస్టేబుల్ రిమాండ్ పేపర్లు బల్ల మీద పెట్టాడు.

"పైనించి మళ్ళీ ఫోన్ వచ్చింది మేడమ్. మీరు సంతకం పెట్టి ముద్ర వేస్తే నేను పట్టుకెళ్తాను."

"మీరేమనుకుంటున్నారు హెడ్డు గారూ?"

"నన్నడిగితే ఆ అమ్మాయి కాల్చలేదు మేడమ్. కాల్చినవాళ్ళ కాళ్ళకి బూడిద ఉంటుంది. బురద ఉండదు. కానీ నా మాట కోర్టులో చెల్లదు."

ఆమె స్టేషన్ ముద్ర తీసింది. పాతది, చెక్క పిడి, రబ్బరు మొహం. ఇంకు ప్యాడ్ మీద అద్దింది. పేపర్ మీద పెట్టబోయి, ఎటు పైనో చూసుకోవడానికి తిరగేసింది.

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

హెడ్ కానిస్టేబుల్ ఒక నిమిషం చూశాడు. ఆమె కదల్లేదు. ఆ రబ్బరు మొహం వైపే చూస్తోంది.

"ఏమైంది మేడమ్? విరిగిందా?"

"మీరు ఈ ముద్ర ఎన్నేళ్ళ నించీ వేస్తున్నారు?"

"నా సర్వీసంతా."

"దీని మీద ఏం రాసుందో చదవండి."

ఆయన కళ్ళజోడు సవరించుకున్నాడు. మెడ ఇటు వంచాడు, అటు వంచాడు. "ఇలా చదివితే రాదు మేడమ్. అక్షరాలు తిరగబడి ఉంటాయిగా. కాగితం మీద వేస్తేనే..."

ఆయన కూడా ఆగిపోయాడు.

"బీరువా తెరవండి," అంది ఇన్స్పెక్టర్. "ఆ కవర్ తీసుకురండి. లాకప్ కూడా తెరవండి."

కాలిన పలకని బల్ల మీద పెట్టారు. మిగిలింది పైభాగం. కొంగ తల, మెడ, ముక్కు, కొన్ని తుంగ ఆకులు. కుడివైపుకి చూస్తోంది, పొద్దున గోడ మీద చూసినట్టే.

పిచ్చుక వచ్చి బల్ల ముందు నిలబడింది. ముట్టుకోలేదు. వంగి చూసింది. ముందు నొసలు ముడిపడ్డాయి. తర్వాత కళ్ళు పెద్దవయ్యాయి. తర్వాత ఆమె నవ్వింది. కడుపులోంచి, ఆపుకోలేక, కుర్చీ పట్టుకుని నవ్వింది.

"మీరు కూడా చూశారన్నమాట," అంది ఇన్స్పెక్టర్.

"పొద్దునే చూపించి ఉంటే పొద్దునే నవ్వేదాన్ని." పిచ్చుక కళ్ళు తుడుచుకుంది. "గీతల మధ్య చూడండి మేడమ్. ఉలి తవ్వితే అడుగున చిన్న చిన్న గాట్లు పడతాయి. ఇక్కడ అద్దంలా నున్నగా ఉంది. ఇది చేత్తో చెక్కింది కాదు. మిషన్ కోసింది."

"రేపు పదకొండింటికి నాతో మ్యూజియానికి వస్తారా?"

"బేడీలతోనా?"

"అక్కర్లేదు."

"కాదు, బేడీలతోనే వస్తాను. వేసింది ఊరంతా చూసింది. తీసేది కూడా చూడాలి."

ఇన్స్పెక్టర్ రిమాండ్ పేపర్లని సొరుగులో పడేసి టోపీ అందుకుంది. ఊళ్ళో నేమ్‌బోర్డులు చేసే షాపులు, లేజర్ కటింగ్ మిషన్లు ఉన్నవి, అయిదో ఆరో. నాలుగో షాపులో ఫోటో చూపించగానే లోపలి మనిషి తలూపాడు.

"కొంగ కదండీ. గుర్తుంది. అర్జెంటన్నారు."

* * *

మ్యూజియం హాలు నిండా జనం. ఎదురుగోడ మీద మాస్టారి పాత ప్రింట్లు వరసగా. పక్కగోడ మీద విడిగా ఆరు. లకుముకి పిట్ట, తూనీగ, రెల్లు, నత్త, వానకోయిల. మధ్యలో కొంగ.

ఇన్స్పెక్టర్ జేబులో ఫోన్ అదురుతోంది. పై ఆఫీసరే. ఆమె తీయలేదు.

పోలీసులతో పాటు, చేతులకి బేడీలతో పిచ్చుక లోపలికి రాగానే మాటలు ఆగిపోయాయి. క్యూరేటర్ పరుగులాంటి నడకతో వచ్చాడు. మెత్తటి మనిషి, మెత్తటి గొంతు.

"ఇన్స్పెక్టర్ గారూ, ఈ రోజు వద్దండీ. దయచేసి."

"పావుగంట పని. ఒక టేబుల్, తెల్ల కాగితం, కాసిని నీళ్ళు కావాలి."

అన్న ముందు వరసలో ఉన్నాడు. పక్కన తల్లి. ఇన్స్పెక్టర్ కాలిన పలకని టేబుల్ మీద పెట్టింది.

"మేడమ్, ఇది ఎవిడెన్స్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ గుసగుసగా. "ఫోటోలు తీశాం గాని, మనం ముట్టుకుంటే రేపు అడుగుతారు."

"అడిగితే నా పేరు చెప్పండి." ఆమె అన్న వైపు తిరిగింది. "నిన్న పొద్దున పొయ్యిలోంచి మీరు తీసింది ఇదేనా?"

"అదే."

"ఇది మీ నాన్నగారు చెక్కిన అచ్చు. దీంతోనే ఆ గోడ మీది ప్రింటు తీశారు. అంతేనా?"

"అంతే. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఇంకోసారి చెప్పండి. అందరూ వింటున్నారు."

"ఇదే అచ్చు. దీంతోనే తీశారు."

ఇన్స్పెక్టర్ బేడీలు తీయించింది. పిచ్చుక మణికట్లు రుద్దుకుని టేబుల్ దగ్గరికి వచ్చింది.

"దీని మీంచి ఒక ప్రింటు తీయగలరా? రంగు తెప్పించనా?"

"రంగెందుకు? కావలసినంత మసి ఉంది."

ఆమె కాగితం తడిపింది. విదిలించింది. పలక మీద పరిచింది. టీలు ఇచ్చే బల్ల మీంచి ఒక చెంచా తీసుకుని, దాని వీపుతో రుద్దడం మొదలుపెట్టింది. చిన్న చిన్న గుండ్రాలు. తొందర లేదు. హాల్లో ఆ రాపిడి చప్పుడు తప్ప ఇంకేం లేదు.

కాగితం అంచు పట్టుకుని ఎత్తింది. అందరికీ కనిపించేలా గోడ మీది కొంగ పక్కన పట్టుకుంది.

మసి కొంగ ఎడమవైపుకి చూస్తోంది. గోడ మీది కొంగ కుడివైపుకి చూస్తోంది. రెండూ ముఖాముఖీ, కొట్లాటకి దిగినట్టు.

వెనక వరసలో ఎవరో నవ్వారు. నవ్వు ముందుకి పాకింది.

"అచ్చు మీద బొమ్మ ఎప్పుడూ తిరగబడి ఉంటుంది," అంది ఇన్స్పెక్టర్. "మా స్టేషన్ ముద్ర లాగే. కాగితం మీద కొంగ కుడికి చూడాలంటే చెక్క మీద ఎడమకి చూడాలి. ఈ పలక మీది కొంగ కుడికి చూస్తోంది. అంటే దీంతో ఆ ప్రింటు ఏనాడూ తీయలేదు. తీసిన ప్రింటుకి ఫోటో తీసి, ఆ ఫోటోని ఉన్నదున్నట్టు మిషన్ మీద కోయించారు. కోసిన మనిషి బయట కూర్చున్నాడు. కోయించుకున్న మనిషి ఈ హాల్లో ఉన్నాడు."

అన్న లేచి నిలబడ్డాడు. "నేను చూశానే. సరిగ్గా బొమ్మలాగే ఉంది."

"అదే పొరపాటు. బొమ్మలాగే ఉండకూడదు."

"వాడు అచ్చు మొహం చూసి ఎన్నేళ్ళయిందో," అంది పిచ్చుక. "రోజూ ఫ్రేములే చూస్తాడు."

అన్న తేరుకున్నాడు. "సరే, కాపీ చేయించాను. గుర్తుగా ఉంచుకుందామని. దీని చేతికి అదే దొరికి కాల్చిందేమో. అసలుది కూడా ఇదే మాయం చేసిందేమో. నా దగ్గర తాళమే లేదు."

"ఉంది," అంది తల్లి.

పెద్దగా అనలేదు. అయినా అందరికీ వినిపించింది.

"మొన్న సాయంత్రం నేనే ఇచ్చాను. పిల్ల మడుగుకి వెళ్ళిందని చూసి తాళం అడిగాడు. గంటకి తిరిగొచ్చి ఒక మూట తెచ్చాడు. నాన్న గుర్తు, నీ బీరువాలో దాచమ్మా అన్నాడు. దాచాను. విప్పి చూడలేదు. ఆ అచ్చులు మోసి మోసి ఉన్న చేతులివి, బరువు తెలియదా. తాళం నిన్న పొద్దున తిరిగిచ్చాడు. నా కూతురికి బేడీలు వేశారని తెలిసింది. అప్పుడూ నోరు విప్పలేదు. ఇప్పుడు విప్పుతున్నాను."

"అమ్మా," అన్నాడు కొడుకు.

"ఉండు. ఆయన చేతులు వణికేవి. అన్నం నేను కలిపి పెట్టేదాన్ని. ఆ గోడ మీది ఆరూ చెక్కింది నా కూతురు. ఆయన పక్కన కూర్చుని చూసేవాడు. కొంగ అయిపోయిన రోజు, ఇంత బాగా నేను ఎన్నడూ చెక్కలేదే అని ఏడ్చాడు."

పిచ్చుక తల్లి వైపు చూసింది. ఆ మాట ఆమెకి తెలియదు. చేతిలోని కాగితాన్ని టేబుల్ మీద పెట్టింది.

అన్న కుర్చీలో కూలబడ్డాడు. "నాన్న చెక్కాడని రాసిచ్చి ఈ ఆరు బొమ్మల ప్రింట్లూ అమ్మాను. అన్నీ. ఇది అందరి ముందు చెక్కి చూపిస్తే నా గతేంటి? ముందు అసలుదే కాల్చేద్దామనుకున్నాను. పొయ్యి ముందు కూర్చున్నాను. చేతులు రాలేదు. అందుకే ఇంకోటి చేయించాను."

"కొంగ మీద జాలి కలిగింది," అంది పిచ్చుక. "నా మీద కలగలేదు."

హెడ్ కానిస్టేబుల్ వెళ్ళి అన్న భుజం మీద చెయ్యి వేశాడు. "లేవండి. బయట మాట్లాడుకుందాం."

వాళ్ళు వెళ్ళాక హాల్లో గుసగుసలు లేచాయి. క్యూరేటర్ గొంతు సవరించుకున్నాడు. పిచ్చుక దగ్గరికి వచ్చి, ఇంకా మెత్తగా మాట్లాడాడు.

"చాలా బాధగా ఉందండీ. మేము సరిచేస్తాం. కాకపోతే హాలు మాస్టారి పేరున ఉంది, అతిథులొచ్చేశారు. ప్రస్తుతానికి కింద చిన్న కార్డు పెడతాం. మాస్టారి పర్యవేక్షణలో ఆయన కుమార్తె చెక్కినవి అని. అందరికీ గౌరవంగా ఉంటుంది."

"ఆ గోడ మా నాన్నది." పిచ్చుక ఎదురుగోడ వైపు చెయ్యి చూపింది. "ఆయన కప్పలు, ఆయన తూనీగలు. వాటి కింద నా పేరు పెడితే నేనొప్పుకోను. ఈ గోడ నాది. దీని కింద ఆయన పేరు పెడితే కూడా ఒప్పుకోను."

"కాస్త ఆలోచించండి. ఇంత పెద్ద అవకాశం..."

ఆమె ఆలోచించలేదు. గోడ దగ్గరికి నడిచి లకుముకి పిట్ట ఫ్రేముని మేకు మీంచి దించింది. నేల మీద గోడకి ఆనించింది. తర్వాత రెల్లు. తర్వాత నత్త. జనం దారి ఇచ్చారు. తూనీగ దించేసరికి పక్కన ఇంకో రెండు చేతులు కనిపించాయి. పెద్ద చేతులు. తల్లి వచ్చి వానకోయిల ఫ్రేముని రెండు చేతులా పట్టుకుంది.

చివరికి కొంగ. పిచ్చుక దాన్ని దించి చంకలో పెట్టుకుంది.

"ఇన్స్పెక్టర్ గారూ, ఆపండి," అన్నాడు క్యూరేటర్. మెత్తదనం కాస్త తగ్గింది. "మ్యూజియం గోడ మీది బొమ్మలు తీసుకెళ్ళిపోతున్నారు."

"ఎవరు చెక్కారవి?"

"ఆవిడే. ఇప్పుడే తేలింది కదండీ."

"మీరు కొన్నారా?"

"లేదు. ప్రదర్శనకి ఆవిడ అన్నగారు తెచ్చి పెట్టినవి."

"మరి నన్ను ఎవరిని ఆపమంటున్నారు?"

ఇన్స్పెక్టర్ టేబుల్ మీంచి కాలిన పలకని మళ్ళీ కవర్లో పెట్టింది. మిగిలిన ఫ్రేముల్లో రెండు తనే ఎత్తుకుంది, రెండు పిచ్చుక అందుకుంది. తలుపు దగ్గరికి వెళ్ళి భుజంతో తోసి, తెరిచి పట్టుకుంది. తల్లి ముందు దాటింది. వెనక పిచ్చుక.

గడప మీద పిచ్చుక ఆగింది.

"అమ్మ బీరువాలో ఉన్న నా అచ్చు ఎప్పుడిస్తారు?"

"అది కేసులో ఎవిడెన్స్. కోర్టు ఇవ్వమన్నాకే ఇవ్వగలను. ఆలస్యమవుతుంది. నెలలు పట్టొచ్చు."

పిచ్చుక చంకలో ఫ్రేముని పైకి సర్దుకుంది.

"అయితే దాన్ని కోర్టే ఉంచుకోమనండి," అంది. "నేను ఇంకోటి చెక్కుతాను. ఈసారి ఎగిరేది."

మెట్లు దిగి ఎండలోకి నడిచింది.